మహిమకు ముందు నియమం: నల్లగొండ, పాలమూరు నేల మీద పౌరాణిక సాహస కథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

పురాణాల ఆధారంగా సాహస కథ రాయాలని కూర్చున్నవాళ్లు చాలామంది మహిమతోనే మొదలుపెడతారు. నాయకుడికి మూడో అధ్యాయంలో త్రిశూలం దొరుకుతుంది, ఐదో అధ్యాయంలో గాల్లో తేలుతాడు, ఎనిమిదో అధ్యాయానికి అతన్ని ఆపగలిగింది ఏదీ మిగలదు. ఇక రాక్షసుడూ అంతే పెరగాలి, దేవుడు అంతకంటే పెరగాలి. రాతప్రతులు అటకెక్కేది ఇక్కడే.

మన శాస్త్రాల్లో గానీ స్థలపురాణాల్లో గానీ ఊరికే వచ్చిన శక్తి కనబడదు. ప్రతి సిద్ధికీ ఒక లెక్క ఉంటుంది, ఒక కట్టుబాటు ఉంటుంది, ఆ కట్టుబాటు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పి ఉంటుంది. ఈ మూడింటినీ పట్టుకుని, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల నేల మీద కథ నిలబెట్టే పద్ధతి కింద వరుసగా ఉంది. కొలత కోసం 50,000 మాటల నవలను దృష్టిలో పెట్టుకున్నాం. ధారావాహికగా వేసేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఒక్క చోటు

ఈ నేల మీద చోట్లకు కొదవ లేదు. చిక్కు కూడా అక్కడే వస్తుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వాటిలో రెండు పాలమూరువే. ఇటు నల్లగొండ వైపు యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి నరసింహ క్షేత్రాలు. పరశురాముడి గాథతో ముడిపడ్డ చెరువుగట్టు, వీరశైవుల కొలనుపాక. అన్నిటినీ ఒకే కథలో తిప్పితే అది యాత్రల పుస్తకమవుతుంది. ఒక ప్రధాన స్థలం, దానికి రెండు మూడు రోజుల నడకలో ఇంకొకటి చాలు.

ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మరెక్కడా జరగనిది ఇక్కడ ఏం జరుగుతున్నది? పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం తీసుకోండి. నల్లగొండ పక్కనే, కందూరు చోడుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ లాంటిది పగలంతా నిలబడి ఉంటుంది. పొద్దు తిరిగినా నీడ తిరగదు. అలంపురంలో తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్లు బ్రహ్మవి, లోపల ఉన్నవి లింగాలు. రససిద్ధుడనే యోగి పరుసవేది విద్యతో కట్టించాడని గాథ. చిన్నచింతకుంట దగ్గరి కురుమూర్తి జాతరలో స్వామి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డెమాన్‌లో మాదిగల చేతుల మీదుగా నిష్ఠతో తయారై ఊరేగింపుగా గుట్టకు వస్తాయి. ఆ పాదుకలు వేసుకుని స్వామి రాత్రిపూట ఎక్కడెక్కడ నడుస్తాడన్న ఒక్క ప్రశ్న నవలంత కథను మోయగలదు.

చోటు ఖాయమయ్యాక గాథను కనీసం మూడు నోళ్ల నుంచి వినాలి: గుడి అర్చకుడి నోట, ఆ కథ పాడే కళాకారుల నోట, ఊళ్లో పెద్దవయసు అవ్వ నోట. రేణుక కథనే చూడండి. పురాణంలో జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరికి, వరంతో తిరిగి బతికిస్తాడు. అక్కడ కథ కొడుకుది. బైండ్లవాళ్లు జమిడిక మీద చెప్పే ఎల్లమ్మ కథలో కథంతా అమ్మదే. మల్లన్న, బీరప్పల సంగతి ఒగ్గువాళ్లను అడగాలి, జాంబపురాణం సంగతి డక్కలివాళ్లను అడగాలి. మూడు కథనాలూ కలిసే చోట మీకు నేపథ్యం దొరుకుతుంది, విడిపోయే చోట కథ దొరుకుతుంది. ఆ తేడాలను సరిచేయొద్దు. ఒక్కో కథనాన్ని ఒక్కో పాత్ర నమ్మేలా పంచండి.

రెండో మెట్టు: నేల కొలత

తెల్లకాగితం మీద పటం గీసి ప్రతి మజిలీకి కిలోమీటర్లు, గంటలు రాయండి. చెలకల్లో, బండ్లబాటలో మనిషి గంటకు 4 కి.మీ. నడుస్తాడు. గుట్ట ఎక్కుతున్నా, నల్లమల రాళ్లదారిలో దిగుతున్నా 2 కి.మీ. మించదు. చీకట్లో దివిటీతో అయితే అందులో సగం. నెత్తిన మూట ఉన్నవాళ్లు రోజుకు 20 నుంచి 25 కి.మీ. దాటలేరు. పాతకాలపు కథలో ఆమడల్లో చెప్పాలనుకుంటే ఆమడ సుమారు 13 కి.మీ., కాబట్టి రోజుకు రెండు ఆమడలకు కొద్దిగా లోపే.

తిండి, నీళ్ల లెక్క కూడా పటం పక్కనే ఉండాలి. చైత్ర, వైశాఖాల ఎండలో నడిచే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. సొరకాయ బుర్రలో రెండు మూడు లీటర్లకు మించి పట్టవు, కాబట్టి పగటిపూట మధ్యలో ఒక్కసారైనా చెలమో దొనో తగలాలి. సద్దరొట్టె రెండు మూడు రోజులు ఆగుతుంది. వండిన అన్నం మర్నాటికే పులుస్తుంది. ఇవన్నీ కథలో రాయాలని కాదు. కానీ మూడు రోజులు అడవిలో నడిచిన ఐదుగురు ఒక్క చోటా నీళ్లు తాగకపోతే, అచ్చంపేట పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

నేల స్వభావం కూడా రెండు రకాలు. నల్లగొండ, పాలమూరు మైదానంలో నల్లరాతి గుండ్లు, తాటివనాలు, చెరువుకట్టలు, తూములు, అలుగులు. ఇక్కడ దాక్కోవడం తేలిక, తప్పిపోవడం కష్టం, ఎందుకంటే ఏ గుట్టెక్కినా నాలుగు ఊళ్లు కనబడతాయి. నల్లమలలో లోయలు, ఎండిన వాగులు, టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లు. అక్కడ తప్పిపోవడమే తేలిక. వెంటాడే సన్నివేశాన్ని మైదానంలోనూ, దారి వెతికే సన్నివేశాన్ని అడవిలోనూ పెట్టుకుంటే నేలే మీకు సగం పని చేసిపెడుతుంది.

కాలాన్ని బట్టి పటం మారుతుందని మరవొద్దు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. అంతకుముందు నాగార్జునకొండ లోయలో నిలబడ్డ కొండ, ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపం. కాకతీయుల కాలపు కథలో పాత్రలు పడవెక్కి నాగార్జునకొండ దీవికి వెళ్తే అది తప్పే. ఈనాటి కథ అయితే ఇంకో సంగతి: హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో అమ్రాబాద్ పులుల అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు. తరుముకొస్తున్న శత్రువుకూ, తప్పించుకుంటున్న నాయికకూ మన్ననూర్ గేటు ఒకేలా పడుతుంది. దీన్ని అడ్డంకి అనుకోకుండా ఒక రాత్రంతా ఇద్దరినీ ఒకే చోట ఆపడానికి వాడుకోవచ్చు.

మూడో మెట్టు: శక్తికి లెక్క

కథ బలమంతా ఈ మెట్టు మీద ఆధారపడి ఉంటుంది, తొందరపడకండి.

పతంజలి యోగసూత్రాల్లో కైవల్యపాదం మొదటి సూత్రం సిద్ధులు ఐదు దారుల్లో వస్తాయంటుంది: జన్మ వల్ల, ఓషధి వల్ల, మంత్రం వల్ల, తపస్సు వల్ల, సమాధి వల్ల. ఈ ఐదు దారులకూ ఇక్కడ చోట్లున్నాయి. లింగం నుంచి రేణుకాచార్యుడు పుట్టాడని వీరశైవులు చెప్పుకునే కొలనుపాక జన్మసిద్ధికి, రససిద్ధుడి అలంపురం ఓషధికి, కొండ కింద దాగిన ఉమామహేశ్వరం తపస్సుకు, కృష్ణ ఒడ్డున కొండ తొలిచినట్టున్న అక్కమహాదేవి గుహలు సమాధికి సరిపోతాయి. మంత్రానికి చోటు ఎక్కడైనా సరే, గురువు ఉన్నచోటే చోటు.

ఒక్కో పాత్రకు ఒక్క దారి ఇవ్వండి. అప్పుడు వాళ్ల మధ్య తేడా బలంలో కాకుండా స్వభావంలో కనబడుతుంది. ఓషధితో శక్తి తెచ్చుకున్నవాడికి మూలిక అయిపోతుందన్న భయం. జన్మతో వచ్చినవాడికి తాను సంపాదించలేదన్న వెలితి. తపస్సు చేసినామెకు, ఎవడో కోపం తెప్పిస్తే కూడబెట్టిందంతా ఒక్క శాపంలో ఖర్చైపోతుందన్న జాగ్రత్త. అష్టసిద్ధుల్లోనూ అణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశిత్వం, వశిత్వాల్లో ఒకరికి ఒకటి మించొద్దు.

ఇప్పుడు మంత్రదారి లెక్క చూద్దాం. పురశ్చరణకు, అంటే మంత్రం సిద్ధించడానికి చేసే జపదీక్షకు, సాధారణ విధి అక్షరలక్ష: మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం. శివ పంచాక్షరికి 5 లక్షలు. జపంలో పదో వంతు హోమం, అంటే 50,000 ఆహుతులు. అందులో పదో వంతు తర్పణం 5,000, మళ్లీ పదో వంతు మార్జనం, అంటే మంత్రంతో నీళ్లు చిలకరించుకోవడం, 500, చివరికి అన్నసంతర్పణ 50 మందికి. మాలకు 108 పూసలున్నా లెక్కకు 100గానే పడుతుంది, మిగతా 8 తప్పొప్పులకు వదిలేస్తారు. మాల కొసన ఉండే మేరుపూస దాటకూడదు, అక్కడికి రాగానే మాల తిప్పి వెనక్కి రావాలి. కాబట్టి 5 లక్షలంటే 5,000 మాలలు.

దీన్ని కథలో పెట్టి చూడండి. పదిహేడేళ్ల బాలమణి 41 రోజుల మండల దీక్షలో పంచాక్షరి పురశ్చరణ పూర్తిచేయాలి. రోజుకు 122 మాలలు పడతాయి. పెదవులు మాత్రమే కదిలే ఉపాంశు జపంలో మాలకు నాలుగు నిమిషాలు వేసుకుంటే రోజుకు ఎనిమిది గంటలు దాటుతుంది. పైగా నియమం ప్రకారం రోజూ ఒకే సంఖ్య చేయాలి, ఇవాళ తగ్గించి రేపు పెంచడానికి లేదు. వీలైనంతవరకు ఒకే చోట కూర్చోవాలి. ఒక్కపూట మితాహారం, నేలపడక, అబద్ధం ఆడకపోవడం. ఇంతలో ఊళ్లో చెరువుకు గండి పడిందని తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. లేస్తే దీక్ష పోతుంది, లేవకపోతే ఊరు పోతుంది. రాక్షసుడు ఇంకా రాకముందే మీకు కథ మొదలైంది.

మంత్రం మారితే కథ పొడవే మారిపోతుంది. నరసింహుడి మంత్రరాజానికి 32 అక్షరాలు, కాబట్టి 32 లక్షల జపం. ఒక్కోసారికి 8 సెకన్లు వేసుకుని రోజుకు 8 గంటలు కూర్చుంటే 889 రోజులు, దాదాపు రెండున్నరేళ్లు. మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున కూర్చున్న ముసలి సాధకుడికి ఇది సరిపోతుంది, పరుగు మీదున్న పిల్లకు సరిపోదు. చాలా కథల్లో ఈ రెండూ తారుమారవుతాయి: పిల్లవాడు మూడు రాత్రుల్లో ఉగ్ర నరసింహ మంత్రం సిద్ధించుకుంటాడు, గురువేమో ముప్పై ఏళ్లు పంచాక్షరి దగ్గరే ఉంటాడు.

నియమం తప్పితే ఏం జరుగుతుందన్నది ముందే రాసిపెట్టుకోండి. మెరుపులు, నెత్తుటి వాన అక్కర్లేదు. లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది, అంతే. ముప్పై ఆరో రోజున సున్నాకు వచ్చిన లెక్క కంటే పెద్ద దెబ్బ సాహస కథలో లేదు. ఇక సిద్ధి వచ్చాక కథ ఎటు పోవాలో కూడా యోగసూత్రాలే చెబుతున్నాయి. లోకం దృష్టిలో సిద్ధులైనవి సమాధికి విఘ్నాలని విభూతిపాదం మాట. మీ నాయిక శక్తి వాడిన ప్రతిసారీ తన అసలు గమ్యానికి కొద్దిగా దూరం జరగాలి. ఆ దూరం ఎంతో మీకు తెలిసి ఉండాలి.

ఒక హెచ్చరిక. బీజాక్షరాలను ఇష్టమొచ్చినట్టు కూర్చి కొత్త మంత్రాలు తయారుచేయొద్దు, ఉగ్రప్రయోగాల విధానాన్ని పూర్తిగా రాయొద్దు. ఇవి గురుముఖంగా తీసుకునేవి, వీటిని నిజంగా చేసే కుటుంబాలు మీ పాఠకుల్లోనే ఉంటాయి. మంత్రాక్షరాలు రాయకుండా గొంతు, ఊపిరి, మాల కదలిక, ఎండిపోయిన పెదవులు రాయండి. సన్నివేశానికి అవే బలం.

నాలుగో మెట్టు: వరం రాయడం, దాన్ని విరగ్గొట్టడం

రాక్షసుడి బలం కండల్లో ఉండదు, వరం మాటల్లో ఉంటుంది. హిరణ్యకశిపుడు అడిగింది గుర్తుచేసుకోండి: మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, ఇంట గానీ బయట గానీ, పగలు గానీ రాత్రి గానీ, నేల మీద గానీ ఆకాశాన గానీ, ఆయుధంతో గానీ చావు లేకుండా. నరసింహుడు ఒక్క మాట కూడా తప్పించలేదు. గడప మీద, సంధ్యవేళ, తొడ మీద, గోళ్లతో. నముచిని ఇంద్రుడు తడీ పొడీ కాని నురుగుతో చంపింది కూడా ఇదే తీరు. వరం అబద్ధం కాకూడదు, వరం ఇచ్చినవాడు మాట తప్పకూడదు, రాక్షసుడు చావాలి. మూడూ కుదరాలి.

పద్ధతి ఇది. ముందు మీరు ఎంచుకున్న చోటులోని వింతను చూడండి, దాన్నుంచి వెనక్కి నడిచి వరం రాయండి. పానగల్లు వింత కదలని నీడ. కాబట్టి బాలమణి కథలో రాక్షసుడు, పేరు శిలాసురుడు అనుకుందాం, అడగాల్సిన వరం: "నీడ కదిలే చోట నాకు చావు రావద్దు." ఇప్పుడు దీన్ని విరగ్గొట్టడానికి మీరే ప్రయత్నించండి. అమావాస్య రాత్రి నీడే ఉండదు, అప్పుడు చంపొచ్చు కదా? పడిపోయింది. నల్లగొండ అక్షాంశంలో మే తొలి పదిరోజుల్లో, ఆగస్టు తొలివారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు నీడ కనబడకుండా పోతుంది. అప్పుడూ పడిపోయింది. కాబట్టి వరం సవరించాలి: "నీడ లేని చోట గానీ, నీడ కదిలే చోట గానీ నాకు చావు రావద్దు."

సరిపోయిందా? గాలి లేని గదిలో దీపం పెడితే నీడ కదలదు. మళ్లీ పడిపోయింది. ఈసారి వరం మాటలు పెంచకుండా పాత్రను పెంచండి: శిలాసురుడు వచ్చే ముందు గాలి వస్తుంది, అతను అడుగుపెట్టిన ఇంట్లో దీపం నిలవదు. ఒక లొసుగు పూడ్చబోతే రాక్షసుడికి ఒక గుర్తు దొరికింది. ఇక దీపం ఆరిన ప్రతి ఇంట్లో పాఠకుడు ఉలిక్కిపడతాడు. వాడపల్లిలో నరసింహస్వామి ముందున్న దీపాల్లో ఒకటి స్వామి ఊపిరికి రెపరెపలాడుతుందనీ ఇంకొకటి నిశ్చలంగా ఉంటుందనీ భక్తుల నమ్మకం. బాలమణి మొదట అక్కడే రాక్షసుణ్ని చంపొచ్చని పొరబడి రెండు మూడు రోజులు నడిచి వెళ్లొచ్చు. మధ్య అధ్యాయాలకు కావలసిన తప్పుదారి కూడా దొరికింది.

చివరికి మిగిలేది పానగల్లు గర్భగుడి ఒక్కటే: నీడ ఉంటుంది, కదలదు. అయితే ఈ చోటు మీ మీద కొన్ని షరతులు పెడుతుంది. నీడ కనబడేది పగలే, కాబట్టి పతాక సన్నివేశం అర్ధరాత్రి పెట్టడానికి లేదు. గర్భగుడి ఇరుకు, కత్తి తిప్పే జాగా ఉండదు. అందులోకి శిలాసురుడు తనంతట తాను ఎందుకు వస్తాడు? దీనికి జవాబు లేకుండా చివరి భాగం మొదలుపెట్టొద్దు. అతని అహంకారమో, ఆకలో, తల్లి మీది ప్రేమో అతన్ని అక్కడికి నడిపించాలి. నీడకు కారణం ఏ మాయా కాదు. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురుకు మంటపం స్తంభాలు అడ్డుపడి, వాటి నీడలు ఒకేచోట కలిసేలా శిల్పులు కట్టారు. కథలో ఈ సంగతి దాచొద్దు. చోడుల కాలపు శిల్పి ఒకడు శిలాసురుడి వరం విని ఆ గుడిని అట్లా కట్టాడని రాస్తే, లెక్కా భక్తీ ఒకే చేతిలో ఉన్నట్టుంటుంది.

ఇదే పద్ధతిని సోమశిల దగ్గర వాడుకోవచ్చు. కృష్ణ అవతలి వైపు సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం జలాశయంలో మునిగి, నీళ్లు తగ్గాక వేసవిలో బయటపడుతుంది. నీట గానీ నేల మీద గానీ చావులేనివాడికి అది ఎట్లాంటి చోటో చెప్పనక్కర్లేదు.

ఐదో మెట్టు: పంచాంగం

కథ మొత్తానికి తిథులు వేసుకోండి. ఒక పాత పంచాంగం కొని పక్కన పెట్టుకుంటే చాలు. రాత్రి సన్నివేశాల్లో తప్పులన్నీ చంద్రుడి దగ్గరే జరుగుతాయి. పౌర్ణమినాడు చంద్రుడు పొద్దుగూకే వేళకు లేస్తాడు. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. బహుళ అష్టమినాడు అర్ధరాత్రి దాకా చీకటే. శుద్ధ చవితి చంద్రుడు రాత్రి మొదటి జాములోనే కుంగిపోతాడు, నడిరాత్రి అతన్ని ఆకాశంలో పెట్టొద్దు.

జాముకు మూడు గంటలు, ముహూర్తానికి 48 నిమిషాలు, గడియకు 24 నిమిషాలు. బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. తెల్లవారుజాము 3 గంటలకు బ్రాహ్మీముహూర్తం అని రాస్తే పాలమూరులో ఏ ఋతువులోనూ కుదరదు.

జాతరలు కథకు సహజమైన గడువులు. నల్లమల లోయలోని సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్ది రోజులే. "వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగి, "పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. లొద్ది మల్లయ్య దర్శనం తొలి ఏకాదశి చుట్టూ. కురుమూర్తి బ్రహ్మోత్సవాలు కార్తీకంలో. చెరువుగట్టుకు జనం అమావాస్యకు పోతారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి. కృష్ణా పుష్కరాలు 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో. ఏ గుహ తలుపో "ఎప్పుడైనా" తెరుచుకుంటే ఉత్కంఠ ఉండదు. చైత్ర పౌర్ణమికి తెరుచుకుని మూడో రోజు మూసుకుపోతే ఉంటుంది. అయితే ఆ రోజుల్లో ఆ లోయ నిండా జనం ఉంటారని, రహస్యంగా జరగాల్సిన పని వాళ్ల మధ్యనే జరగాలని గుర్తుంచుకోండి. ఈ సంగతి అక్కడ నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి సలేశ్వరం రాయాలనుకుంటే జాతరకే వెళ్లి చూడండి. మిగతా రోజుల్లో అది అనుమతి లేకుండా పోకూడని అడవి.

ఆరో మెట్టు: తోడు వచ్చే మనుషులు

నల్లమల కథల్లో చెంచుల పాత్ర ఒకే మూసలో వస్తుంటుంది: దారి చూపిస్తాడు, పులి నుంచి కాపాడతాడు, చచ్చిపోతాడు. ఇది అన్యాయం, కథకు నష్టం కూడా. శ్రీశైల మల్లన్న చెంచులకు అల్లుడు, నరసింహుడు చెంచులక్ష్మి మొగుడు. దేవుడితో చుట్టరికం ఉన్న మనిషి మీ నాయిక గురువుతో ఎట్లా మాట్లాడతాడో ఆలోచించండి. మొక్కి అడగడు, అల్లుణ్ని అడిగినట్టు అడుగుతాడు. ఆ చనువు రాయగలిగితే పాత్ర లేచి నిలబడుతుంది.

వాళ్ల పనిలోంచే సాహసం తీయండి. కొండచరియకు వేలాడే తేనెపట్టు కోసం తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అక్క తాళి మీద అంత జాగ్రత్త ఉన్నవాడు ఇంకొకడుండడని నమ్మకం. ఇప్పుడు ఆ బావబామ్మర్దులకు మాటల్లేవనుకోండి, అయినా తేనె తేవాలి. ఏ మంత్రమూ అక్కర్లేని గొప్ప సన్నివేశం ఇది.

ఉద్దాలు చేసేవాళ్లు, ఒగ్గు పూజారి, చేపలు పట్టే బెస్తవాళ్లు, గొర్రెలకాపరి: ఎవరిని తెచ్చినా వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక విషయం కథను మలుపు తిప్పాలి. తిప్పకపోతే ఆ పాత్ర తీసేయండి.

దేవుడి పాత్ర గురించి చిన్న మాట. నవల మొత్తం మీద రెండుసార్లకు మించి కనబడొద్దు, ఆ రెండుసార్లూ సమస్య తీర్చడానికి రావొద్దు. వరం ఇవ్వడానికో, ప్రశ్న అడగడానికో రావచ్చు.

ఏడో మెట్టు: అధ్యాయాలు

50,000 మాటలకు 25 అధ్యాయాలు, ఒక్కోటి 2,000 మాటలు. ధారావాహిక అయితే 1,200 నుంచి 1,500. మొదటి నాలుగింటిలో మహిమ చూపొద్దు, వదంతులు మాత్రమే. వరం మాటలు ఆరో అధ్యాయంలోపు పాఠకుడికి పూర్తిగా తెలియాలి, అక్షరం దాచకుండా. దాచిపెట్టి చివర్లో బయటపెడితే అది మోసం. దీక్ష ఎనిమిదిలో మొదలై, పద్నాలుగు దగ్గర భంగం కావాలి. తప్పుదారి పదిహేను నుంచి పద్దెనిమిది. లొసుగు అర్థమయ్యేది ఇరవైలో. పోరు ఒక్క అధ్యాయం చాలు, దాని తర్వాత రెండు అధ్యాయాలు మిగలాలి. శక్తిని ఏం చేసుకోవాలన్నది నాయిక తేల్చుకునేది అక్కడే.

ఎనిమిదో మెట్టు: మాట

కథనం మామూలు తెలుగులో నడిపి, సంభాషణను ఊరి మాటలో పెట్టండి. అయితే అందరికీ ఒకే యాస పులమొద్దు. అలంపురం వైపు మాటలో కర్నూలు పలుకు, కన్నడం గాలి ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట మాట వేరు. అర్చకుడు, పట్వారీ, గొల్లాయన ఒకేలా మాట్లాడరు. "యాడికి వోతున్నవ్ బిడ్డా, జర ఆగు" అన్న అవ్వ మాట పక్కనే రాక్షసుడు గ్రాంథికం మాట్లాడితే వికారంగా ఉంటుందని కొందరు భయపడతారు. చిందు యక్షగానం చూస్తే ఆ భయం పోతుంది. అక్కడ రాజు పద్యం పాడతాడు, పక్కనే హాస్యగాడు ఊరి మాటలో అందుకుంటాడు, ఆటకు రెండూ కావాలి. శిలాసురుడి మాట చిన్న చిన్న వాక్యాల్లో, పాత పలుకుబడిలో ఉంచండి. సంస్కృత సమాసాలు పేర్చితే బలం రాదు.

సరిచూసే పని

చిత్తుప్రతి అయ్యాక మూడు విడతలుగా చదవండి. మొదటిసారి తిథి, దూరం, నీళ్లు మాత్రమే చూడండి. రెండోసారి జపసంఖ్య: ఏ రోజుకు ఎన్ని మాలలయ్యాయో పక్కన రాసుకుంటూ పోతే, ప్రయాణం చేసిన రోజున కూడా 122 మాలలు పూర్తయినట్టు రాసిన చోట్లు దొరికిపోతాయి. మూడోసారి వరాన్ని ముగ్గురికి ఇచ్చి, రాక్షసుణ్ని వేరే ఎక్కడ చంపొచ్చో చెప్పమనండి. లెక్కలు చెప్పే పంతులొకరు, పూజారొకరు, పన్నెండేళ్ల పిల్లాడొకడు ఉంటే మంచిది. పిల్లాడే ముందుగా విరగ్గొడతాడు. విరిగిన ప్రతి చోటా మాట పెంచాలా, రాక్షసుడి స్వభావం పెంచాలా అని తేల్చుకోండి, వీలైతే రెండోదే ఎంచుకోండి.

కులం పేర్లు, ఆచారాలు వచ్చే పేజీలను ఆ ఆచారం పాటించేవాళ్లకే చదివి వినిపించండి. వాళ్లు కాదన్న వాక్యం ఎంత బాగా కుదిరినా తీసేయాలి. ఊళ్ల పేర్లు పలికినట్టే రాశామో లేదో, నది ఏ గట్టున ఏ గుడి ఉందో చివరగా ఒకసారి చూసుకుని, వారానికో అధ్యాయం చొప్పున వేసే ధారావాహిక మొదటి భాగాన్ని జాతరకు పదమూడు వారాల ముందు వేయండి. దీక్షా భంగం అధ్యాయం సరిగ్గా జనం గుట్టకు బయల్దేరే రోజులకు వస్తుంది.